రాతి నేల, నాలుగు నెలల వాన: హైదరాబాద్ చుట్టూ బతికే జీవుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఉదయాల్లో మాతో పాటు పార్కుల్లో, చెరువు గట్ల మీద నడవడానికి వచ్చేవాళ్లు, బడి పిల్లలు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులు చదివేటప్పుడు ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం విషయం దానంతట అదే అర్థమవుతుంది. ఇక్కడ మట్టి పలుచన, అడుగున రాయి. ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులోనూ ఎక్కువ భాగం జూన్‌కీ అక్టోబరుకీ మధ్యనే. ఆ వాన వచ్చేదాకా ఎలా ఆగాలి, వచ్చాక ఒక్క రోజు కూడా పోనివ్వకుండా ఎలా వాడుకోవాలి అన్నదాని చుట్టూనే ఇక్కడి ప్రతి జీవి బతుకూ అల్లుకుని ఉంది.

హైదరాబాద్ చుట్టూ కనిపించేవి ముళ్ల పొదలు, బండరాళ్లే. వాటిని అడవి అనొచ్చా?

అనొచ్చు, అనాలి కూడా. అడవి అనగానే ఆకాశం కనబడనంత దట్టమైన చెట్లే మనకు గుర్తొస్తాయి. దక్కన్ పీఠభూమి మీద సహజంగా పెరిగేది ఆకురాల్చే ఎండు అడవి. తునికి, మోదుగ, చండ్ర, రేల, రేగు, బలుసు, పరికి, మధ్యమధ్యలో గడ్డి మైదానాలు, వాటి నడుమ సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ గుట్టలు. ఇదే మన అడవి రూపం. జూబ్లీహిల్స్ నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం విస్తీర్ణం దాదాపు 350 ఎకరాలే అయినా అందులో నెమళ్లు, ముళ్లపందులు, పునుగుపిల్లులు బతుకుతున్నాయి.

రాళ్లను కూడా అడవిలో భాగంగానే చూడాలి. ఒక బండ నెర్రెలో ఉడుము తలదాచుకుంటుంది. ఎత్తైన గుట్ట అంచున కొండ గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. ఎండ కాసే బండ మీద మగ రాతి తొండ, జత కట్టే కాలంలో వీపు నారింజ ఎరుపుగా, పక్కలు నల్లగా మార్చుకుని తల ఊపుతూ తన హద్దు చాటుకుంటుంది. వాన నీరు ఆ నెర్రెల్లోకి ఇంకి, వేసవి దాకా చెట్ల వేళ్లకు అందుతుంది. ఇలాంటి నేలను కాగితాల మీద 'నిరుపయోగం' అని రాసి యంత్రాలు దింపినప్పుడు పోయేది పొదలు మాత్రమే అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మొక్కను మళ్లీ నాటవచ్చు. పగలగొట్టిన గుట్టను మళ్లీ నిలబెట్టే దారి లేదు.

మార్చిలో చెట్లన్నీ ఎండిపోయినట్టు కనిపిస్తాయి. చచ్చిపోయాయా?

లేదు. ఆకు వెనుక కంటికి కనబడని రంధ్రాలుంటాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకోవడానికి వాటిని తెరిస్తే, అదే దారిన నీరు ఆవిరై పోతుంది. నేలలో తడి లేనప్పుడు ఆ ఖర్చు భరించడం కంటే ఆకులనే వదిలేయడం చెట్టుకు లాభం. రాల్చేముందు ఆకులోని నత్రజనిలో చాలా భాగాన్ని వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటుంది కూడా. అలా రాలిన ఆకును ఊడ్చి తగలబెడితే ఆ నేలకు దక్కవలసిన మిగతా ఎరువు పొగైపోతుంది.

మరి నిప్పులు చెరిగే ఎండలో, చినుకైనా పడకుండానే ఎలా పూస్తాయి? ఎలా చిగురిస్తాయి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను మనసులోనే దండం పెట్టుకుంటాను, ఎందుకంటే మన అడవిలోని గొప్ప విశేషం ఇదే. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, ఉగాది వేళకు వేప, కానుగ, ఏప్రిల్, మే నెలల్లో రేల. అన్నీ ఎండ ముదురుతున్న కొద్దీ పూసేవే. ఆకులు రాల్చాక నీటి ఖర్చు తగ్గి, లోతైన వేళ్ల నుంచి వచ్చే కొద్దిపాటి తడి కాండంలో నిలుస్తుంది. పూలకు, కొత్త చిగుళ్లకు అది సరిపోతుంది.

ఆ సమయానికే పూయడంలో లాభాలున్నాయి. ఆకులు అడ్డు లేకపోతే మోదుగ పూల గుత్తి ఎంతో దూరానికి కనబడుతుంది. తేనెపిట్టలు, గోరువంకలు, ఉడుతలు ఆ మకరందం కోసం వచ్చి పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. మేలో కాయ ముదిరితే, గింజ నేల మీద పడేసరికి తొలకరి సిద్ధంగా ఉంటుంది. చిగుళ్ల విషయమూ అంతే. ఆకు తినే పురుగులు వానతో పాటు విజృంభిస్తాయి. అవి వచ్చేలోపే ఆకు ముదిరితే వాటికి నమలడం కష్టం. అందుకే కానుగ చెట్టు అంత ఎండలోనూ లేత పచ్చగా మెరుస్తూ నిలబడుతుంది.

ఆరుద్ర పురుగు ఏడాది పొడవునా ఎక్కడ ఉంటుంది?

మన కాళ్ల కిందే. ఎర్రటి మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టుండే ఈ ప్రాణి నిజానికి పురుగు కాదు. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి సాలీళ్లు, గోమార్లకు దగ్గరి చుట్టం. పుట్టిన కొత్తలో ఇది ఆరు కాళ్లతో, మిడతలాంటి కీటకాలను అంటిపెట్టుకుని వాటి రసం పీలుస్తుంది. పెద్దదయ్యాక ఆ పద్ధతి మానేసి వేటకు దిగుతుంది. చెదపురుగులు, ఇతర కీటకాల గుడ్లు దీని ఆహారం. ఏడాదిలో చాలా భాగం మట్టిలోనే దాగి ఉంటుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నేల బాగా తడవగానే కొద్ది రోజుల పాటు పైకి వస్తుంది, తినడానికీ జత కోసమూ. మగది గడ్డిపరకల మీద వీర్యపు చుక్కలు ఉంచి, అక్కడిదాకా సన్నని పట్టుదారంతో బాట వేస్తుంది. ఆడది ఆ బాట పట్టుకుని వెళ్తుంది.

అంత ఎర్రగా పట్టపగలు తిరుగుతున్నా పక్షులు దీన్ని పెద్దగా ముట్టుకోవు. రుచి బాగుండదని ఆ రంగే హెచ్చరిక. పిల్లలు అరచేతిలోకి తీసుకుని చూసి మళ్లీ నేల మీద వదిలితే దానికే హానీ లేదు. అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తీసుకుపోతే మాత్రం బతకదు. నగరంలో ఇది కనబడటం తగ్గిందని అందరూ అంటారు. సిమెంటు పరిచిన నేలలో అది ఎక్కడ దాక్కోవాలి?

తొలివాన సాయంత్రం దీపాల చుట్టూ మూగి, తెల్లారేసరికి రెక్కల కుప్ప మిగిల్చే ఉసిళ్లు ఏమిటి?

చెదపుట్ట నుంచి బయలుదేరిన కొత్త రాజులు, రాణులు. పుట్టలోని కూలీ చెదలకు, సైనిక చెదలకు రెక్కలుండవు. ఏడాదికొకసారి పెరిగే ఈ రెక్కల తరం నేల మెత్తబడే రోజు కోసం లోపలే కాచుకుని ఉంటుంది. చుట్టుపక్కల పుట్టలన్నిటి నుంచీ ఒకే సాయంత్రం లేవడం వల్ల వేరే పుట్ట జత దొరుకుతుంది. అంతేకాక కాకి, బల్లి, కప్ప, గబ్బిలం ఎన్ని తిన్నా కొన్నయినా మిగులుతాయి. నేల మీద వాలగానే రెక్కలు మొదట్లో ఉన్న గీత దగ్గర విరిగిపోతాయి. జంటగా మట్టి తవ్వుకుని లోపలికి వెళ్లిన వాటిలో ఏ కొన్నో కొత్త పుట్ట కడతాయి.

చెద అనగానే తలుపులు తినేదనే కోపం మనకు. అడవిలో ఎండుకట్టెను, ఆకులను మట్టిగా మార్చే పని ఎక్కువగా వీటిదే. పుట్టలు కట్టే జాతులు లోపల బూజును పంటలా పెంచుకుని తింటాయి. వానాకాలంలో పుట్ట మీద లేచే గొడుగులు ఆ తోటవే. ఉసిళ్లు వచ్చిన సాయంత్రం ఒక గంట సేపు వరండా దీపం ఆర్పితే చాలు, ఇంట్లోకి రావు.

కప్పలు వేసవిలో కనబడవు. వాన పడిన రాత్రే అన్ని ఎలా అరుస్తాయి?

చర్మంతో కూడా ఊపిరి పీల్చే ప్రాణి కాబట్టి కప్పకు తడి తప్పనిసరి. ఎండాకాలమంతా మట్టి లోతుల్లో, శరీరపు పనులను బాగా తగ్గించుకుని నిద్రలాంటి స్థితిలో ఉంటుంది. పెద్ద వాన నేలలోకి దిగగానే లేస్తుంది. అరిచేవి మగవి. మన పెద్ద బావురుకప్పల్లో మగవి ఆ కొద్ది రోజులు నిమ్మపండు పసుపు రంగులోకి మారి, గొంతు కింద నీలి తిత్తులు ఉబ్బిస్తాయి. ఆడది మామూలు మట్టిరంగులోనే ఉంటుంది. ఈ రంగు చూసి విషపు కప్పలనుకుని భయపడేవాళ్లున్నారు, భయం అక్కర్లేదు. గుడ్లు పెట్టేది ఎక్కువగా కొన్నాళ్లే నిలిచే నీటి గుంటల్లో, ఎందుకంటే అక్కడ చేపలుండవు. గుంట ఎండేలోపే తోకకప్ప కాళ్లు తెచ్చుకుని ఒడ్డెక్కాలి. ఖాళీ స్థలంలో నిలిచిన వాన నీటినల్లా మట్టి పోసి పూడ్చేటప్పుడు ఈ పరుగు పందెం గుర్తుకు రావాలని నా కోరిక.

నెమలి కన్నీళ్లు తాగి ఆడ నెమలి గర్భం దాలుస్తుందా?

దాల్చదు. అన్ని పక్షుల్లాగే నెమళ్లూ జత కడతాయి. మన దగ్గర అది వానాకాలపు వ్యవహారం. మగది విప్పేది తోక కాదు, తోక మీద పెరిగే పొడవాటి ఈకలు. సుమారు 200 ఉంటాయి. అసలు తోక వెనకాల పొట్టిగా, గోధుమ రంగులో ఉండి వాటిని నిలబెడుతుంది. ఆ నీలం, ఆకుపచ్చ రంగులు కూడా వర్ణద్రవ్యాలు కావు. ఈక పోగుల్లో అతి సూక్ష్మమైన కడ్డీలు క్రమంగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి వెలుతురులో ఒక్కో రంగు వెనక్కి వస్తుంది. ఈకను పొడి చేస్తే మిగిలేది గోధుమరంగే.

వానలు తగ్గే వేళకు ఈ ఈకలన్నీ రాలిపోయి, మళ్లీ ఏడాదికి కొత్తవి వస్తాయి. రాలినవి దొరుకుతాయన్నది నిజమే. కానీ సంతలో కట్టలు కట్టలుగా కనిపించేవన్నీ రాలినవేనని నమ్మడం కష్టం.

కోకిల చలికాలంలో వలస పోతుందా?

ఎక్కడికీ పోదు, నోరు మూసుకుని ఇక్కడే ఉంటుంది. 'కూ' అని పిలిచేది నల్లటి, ఎర్రకళ్ల మగది. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. మార్చి నుంచి ఆగస్టు వరకు కాకి గూడు కట్టుకునే కాలంలోనే దీని పాట కూడా, ఎందుకంటే గుడ్డు పెట్టవలసింది ఆ గూట్లోనే. కోకిల గుడ్డు 12, 13 రోజుల్లో పొదుగుతుంది. కాకి గుడ్డుకు 16 రోజుల పైనే పడుతుంది. ముందుగా పుట్టిన పిల్ల ముందుగా నోరు తెరిచి మేత సంపాదిస్తుంది. కాకి పిల్లలను ఇది సాధారణంగా గూట్లోంచి తోసెయ్యదు, చాలా గూళ్లలో రెండూ కలిసే పెరుగుతాయి.

ఇంట్లోకి పాము వచ్చింది. విషపు పామో కాదో ఎలా తెలుసుకోవాలి?

దగ్గరికి వెళ్లి తెలుసుకోవలసిన పని లేదు. గది తలుపు మూసి, తలుపు కింది సందులో గుడ్డ పెట్టి, పాములు పట్టే శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి. నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నారు. వాళ్లు పట్టి దూరంగా వదిలేస్తారు. కర్ర తీసుకున్నవాళ్లే ఎక్కువగా కాటు తింటారు.

ఇక తెలుసుకోవాలన్న ఆసక్తికి వస్తే, మనుషుల ప్రాణం తీయగలిగిన పాములు మన ప్రాంతంలో ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఇళ్లలో ఎక్కువగా కనబడేవి జెర్రిపోతు, నీరుకట్టు లాంటి విషం లేనివి. జెర్రిపోతు పొడవుగా, వేగంగా ఉండటంతో నాగుపాముగా పొరబడి చంపేస్తారు. ఎలుకలను తిని మనకు మేలు చేసే పాము అది.

అసలు చిక్కు కట్లపాముతో. విషం లేని తోడేలు పాము కూడా ముదురు రంగు మీద తెల్ల పట్టీలతో అచ్చం దానిలాగే ఉంటుంది. తోడేలు పాముకు పట్టీలు మెడ దగ్గర నుంచే మొదలవుతాయి, అది గోడలు చక్కగా ఎక్కుతుంది. కట్లపాముకు తల వెనక కొంత మేర నల్లగా ఉండి, ఆ తర్వాత పట్టీలు వస్తాయి. వీపు నడుమ ఆరు మూలల పెద్ద పొలుసుల వరుస ఉంటుంది. ఇవి ఫొటోలో చూసి నేర్చుకోవలసిన తేడాలు, నేల మీద వంగి చూడవలసినవి కావు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలై, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు పని మానేస్తాయి. వానాకాలంలో మంచం మీద, దోమతెర వేసి, దాని అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం కంటే మంచి రక్షణ లేదు.

పాము కరిస్తే ఏం చేయాలి?

కరిచిన మనిషిని నడిపించకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోన్ చేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. బిగించి తాడు కట్టవద్దు. కోయవద్దు. నోటితో పీల్చవద్దు. మంత్రం వేయించడానికి, పసరు పోయించడానికి ఒక్క నిమిషం కూడా పోనివ్వవద్దు. పామును చంపి తీసుకెళ్లనక్కర లేదు. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు ఆ నాలుగు పాములకూ పని చేసేదే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన రక్షక పదార్థాల నుంచి దాన్ని తయారుచేస్తారు. మంత్రంతో బతికారని చెప్పుకునేవాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పామో, విషం వదలని పొడి కాటో అయి ఉంటుంది.

నాగుల పంచమికి పాలు పోస్తే పాము తాగుతుందా? నాదస్వరానికి ఆడుతుందా? పగబడుతుందా?

పాలు దాని ఆహారం కాదు, అరగవు. రోజుల తరబడి నీళ్లు ఇవ్వకుండా బుట్టలో పెట్టిన పాము దాహంతో ఏ ద్రవం దొరికినా తాగుతుంది, ఆ తర్వాత జబ్బుపడుతుంది. చాలా సందర్భాల్లో దాని కోరలు కూడా అంతకుముందే పీకి ఉంటారు. భక్తితో చేసే పని ఒక ప్రాణిని హింసించే వ్యాపారానికి ఊతం కాకూడదు. పుట్ట దగ్గర ఓ దండం చాలు.

పాముకు బయటి చెవి లేదు. దవడ ఎముక ద్వారా నేల అదురును, గాలిలో వచ్చే మంద్ర ధ్వనులను పసిగడుతుంది. బూర ముందు అది ఊగేది, ఊగుతున్న బూరను కనిపెట్టి చూస్తూ తనను కాపాడుకునే ప్రయత్నంలో. పగ విషయానికొస్తే, మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే శక్తి పాముకు లేదు.

రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందంటారు. నిజమా?

వచ్చేది అటవీశాఖ కేసు. దీనికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా తలలాగే ఉంటుంది. ప్రమాదం ఎదురైతే తలను చుట్టల కింద దాచి తోకను పైకి చూపిస్తుంది. దెబ్బ తోక మీద పడితే ప్రాణం దక్కుతుంది. విషం లేదు, మెత్తటి నేలలో దాగి ఎలుకలను పట్టి తింటుంది, గుడ్లు పెట్టకుండా పిల్లలనే కంటుంది. లక్షల ధర పలుకుతుందనే పుకారును నమ్మి దీన్ని పట్టేవాళ్లు, కొనేవాళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరస్థులవుతారు. అమాయకమైన జంతువును ఒక పుకారు ఇంతగా వేధించడం చూస్తే కోపం వస్తుంది.

తొండే రంగులు మార్చే ఊసరవెల్లా?

రెండూ వేరు. ప్రహరీ గోడ మీద తల ఊపేది తొండ. జత కట్టే కాలంలో మగదాని తల, గొంతు ఎర్రబడతాయి. రక్తం పీలుస్తుందన్నది కట్టుకథ. ఊసరవెల్లి పొదల్లో మెల్లగా నడుస్తుంది, రెండు కళ్లనూ వేరువేరు దిక్కులకు తిప్పుతుంది, తన ఒంటి కంటే పొడవుగా నాలుక చాపి పురుగును పట్టుకుంటుంది. చర్మకణాల్లోని అతి చిన్న స్ఫటికాల మధ్య దూరాన్ని మార్చడం ద్వారా రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మడగాస్కర్ జాతి మీద చూపించారు. వెనకున్న రంగులో కలిసిపోవడం కంటే కోపం, భయం, వేడి, చలి వల్లే ఈ మార్పు ఎక్కువ. దానికి విషం లేదు. రోడ్డు దాటుతుంటే ఒక్క నిమిషం బండి ఆపండి, అది అంతకంటే వేగంగా నడవలేదు.

ఫ్లైఓవర్ గోడల మీద రావి, మర్రి మొక్కలు ఎలా మొలుస్తాయి?

పిట్టలు, గబ్బిలాలు పండు తిని విడిచిన రెట్టలో గింజలుంటాయి. అడవిలో వేరే చెట్టు కొమ్మ సందులో మొలిచి వేళ్లు కిందికి దింపడం ఈ జాతికి అలవాటు. నగరంలో సిమెంటు పగులు ఆ కొమ్మ సందు పని చేస్తుంది.

ఈ కుటుంబం గురించి ఇంకొంచెం చెప్పాలి. మేడిపండులో పురుగులుంటాయన్నది అందరికీ తెలిసిన మాటే, కానీ ఆ పురుగులు లేకపోతే మేడిచెట్టే లేదు. మేడి, మర్రి, రావి పండ్లు నిజానికి లోపలికి ముడుచుకున్న పూల గుత్తులు. వాటి కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా ఆవగింజ కంటే చిన్న ఆడ కందిరీగ దూరుతుంది. ఆ ఇరుకులో దాని రెక్కలు ఊడిపోతాయి. మోసుకొచ్చిన పుప్పొడిని లోపలి పూలకు అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ముందుగా పుట్టే మగవాటికి రెక్కలుండవు. ఆడవాటితో జత కట్టి, బయటికి సొరంగం తవ్వి, వాటి పని అంతటితో ముగుస్తుంది. పుప్పొడి పూసుకున్న ఆడవి ఆ సొరంగం గుండా మరో చెట్టుకు ఎగిరిపోతాయి. సాధారణంగా ఒక్కో జాతి చెట్టుకు దానిదైన కందిరీగ ఉంటుంది. కందిరీగ తరం తెగిపోకూడదంటే ఎప్పుడూ ఎక్కడో ఒక చెట్టు కాస్తూనే ఉండాలి. అందుకే ఇతర పండ్లు లేని నెలల్లోనూ బుల్‌బుల్ పిట్టలకు, కోకిలలకు, పచ్చ పావురాలకు, గబ్బిలాలకు ఇవి అన్నం పెడతాయి. రోడ్డు వెడల్పు కోసం ఒక పాత మర్రిని కొట్టడమంటే ఇంతమంది వంటిల్లు కూల్చడం.

గోల్కొండ దగ్గరి ఏనుగు చెట్టు ఏమిటి?

నయా ఖిలాలో ఉన్న హతియాన్ కా ఝాడ్ ఆఫ్రికాకు చెందిన బావోబాబ్ చెట్టు. కుతుబ్ షాహీల కాలం నాటిదని చెబుతారు. కాండం చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. మెత్తటి కాండంలో నీరు నిల్వ చేసుకుని ఎండాకాలం గడుపుతుంది, సంవత్సరంలో చాలా నెలలు ఆకు లేకుండా ఉంటుంది. పెద్ద తెల్లని పూలు రాత్రి విచ్చుకుంటాయి, గబ్బిలాల కోసం. దాని మీద పేర్లు చెక్కకండి.

చెరువుల్లో గులాబీ రంగు కొంగలు కనిపిస్తున్నాయి. ఎక్కడివి?

అవి కొంగలు కావు, రాజహంసలని పిలిచే ఫ్లెమింగోలు. ఎక్కువగా కచ్ రణ్ ప్రాంతంలో గుడ్లు పెట్టి, మేత కోసం లోతు తక్కువ నీళ్లు వెతుక్కుంటూ హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ వైపు వస్తాయి. తల తలకిందులుగా ముంచి, ముక్కు లోపలి జల్లెడతో నాచును, చిన్న రొయ్యలను వడగట్టుకుంటాయి. ఆ ఆహారంలోని పదార్థమే ఈకలకు గులాబీ రంగు ఇస్తుంది. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, వాటి కంటే ఎంతో పాతవైన గొలుసుకట్టు చెరువులు ఇలాంటి పక్షులకు మజిలీలయ్యాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి చెరువు అదే. నీళ్లు అంచుదాకా నిండి ఉంటేనే చెరువు బాగున్నట్టు అనుకుంటాం. నీళ్లలో నడిచి మేసే పక్షులకు కావలసింది మడమ లోతు నీరు, బురద ఒడ్డు. చుట్టూ రాతి గోడ కట్టి నడక దారి వేయగానే ఆ ఒడ్డు మాయమవుతుంది.

గుర్రపు డెక్క ఎంత తీసినా ఎందుకు మళ్లీ వస్తుంది?

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క పిలకలతో పెరుగుతుంది, అనుకూలంగా ఉంటే దాదాపు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు చెరువు అడుగున ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. దాన్ని అంత వేగంగా పెంచేది మురుగునీటిలోని నత్రజని, భాస్వరం. మురుగు ఆపకుండా డెక్క తీయడం ఖర్చు తప్ప ఫలితం లేని పని.

పావురాలకు గింజలు వేయడం పుణ్యం కదా?

మీ మనసు మంచిదే, కానీ వద్దు. కొండ చరియల్లో బతికే ఈ పక్షికి మన బాల్కనీలు ఆ చరియల్లాగే పనికొస్తాయి. మేత కూడా పుష్కలంగా దొరికితే ఏడాదంతా పిల్లలను పెడుతుంది. ఎండిన రెట్ట, ఈకల ధూళి రోజూ పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినే జబ్బు వస్తుంది. పక్షులకు ఏదైనా చేయాలనిపిస్తే వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి.

మా కాలనీలో ఏ చెట్లు నాటాలి? కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందంటున్నారు.

త్వరగా పెరుగుతుంది, అంతే. ఇక్కడి పిట్టలకు, పురుగులకు దాని నుంచి దక్కేది చాలా తక్కువ. వేళ్లు పైపులను వెతుక్కుంటూ పోతాయి, పుప్పొడి కొందరికి పడదు. పచ్చగా కనబడినంత మాత్రాన ఏ పిట్టకూ కడుపు నిండదు.

విదేశీ మొక్కలన్నీ చెడ్డవని నా అభిప్రాయం కాదు. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చి మన గుట్టల్లో కలిసిపోయింది. చింత పూర్వీకులు ఆఫ్రికావి. అయినా 1908 వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఒక మొక్కను నేను అడిగేది ఒక్కటే: నీ ఆకు, పువ్వు, కాయ ఇక్కడ ఎవరికి పనికొస్తాయి? కానుగ, వేప, రేల, నేరేడు, మోదుగ, స్థలం ఉంటే మేడి ఈ ప్రశ్నకు బాగా జవాబు చెబుతాయి. తంగేడు కంచె వెంట పెంచండి. పెద్దగా నీళ్లు అడగదు, పశువులు ముట్టవు, బతుకమ్మకు పూలిస్తుంది, పసుపు సీతాకోకచిలుకల గొంగళిపురుగులు దాని ఆకు మీద పెరుగుతాయి. జమ్మి నాటగలిగితే మరీ మంచిది, ఎంత ఎండనైనా తట్టుకుంటుంది.

దసరాకు పంజరంలో పాలపిట్టను చూపించి డబ్బులు అడుగుతారు. ఇవ్వవచ్చా?

ఇవ్వవద్దు. అది మన రాష్ట్ర పక్షి, దాన్ని పట్టడం నేరం. ఎగరకుండా రెక్కలకు జిగురు పూయడం, కాళ్లు కట్టడం జరుగుతుంది. ఆ తర్వాత వదిలినా చాలావరకు బతకవు. పొలాల అంచున కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం కాచుకుంటూ ఉంటుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పొద్దున్నే వెళ్లండి. రెక్క విప్పి ఎగిరినప్పుడు ఆ నీలం కనబడితే మీ దసరా నిండుగా జరిగినట్టే.

నగరంలోకి చిరుతలు ఎందుకు వస్తాయి?

2020 మే నెలలో కాటేదాన్ దగ్గర రోడ్డు మీద పడుకుని కనిపించిన చిరుత చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిరుత ఒంటరి జంతువు. వయసుకొచ్చిన మగది తల్లి హద్దు వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ చాలా దూరం నడుస్తుంది. కుక్కలు, మేకలు, పందులు దొరికే నగర శివారు దానికి ఆకలి తీర్చే చోటే. మనిషిని తప్పించుకోవడమే దాని స్వభావం. గుంపుగా చుట్టుముట్టి, ఫోన్లు పట్టుకుని తరిమినప్పుడే ఎక్కువగా ప్రమాదం జరుగుతుంది. కనిపిస్తే ఇంట్లోకి వెళ్లి అటవీశాఖకు చెప్పండి.

వన్యప్రాణుల మీద హైదరాబాద్‌లో పరిశోధన జరుగుతోందా?

జరుగుతోంది. అత్తాపూర్‌లో సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా చుక్కల దుప్పి పిల్ల, ఆ మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల పుట్టింది అక్కడి శాస్త్రవేత్తల కృషితోనే. కుందేలంత ఉండే మూషిక జింకలను నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పెంచి, తర్వాత అమ్రాబాద్ అడవిలో వదిలే కార్యక్రమంలోనూ వారి పాత్ర ఉంది. వేటగాళ్ల దగ్గర పట్టుబడిన మాంసం ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా తేల్చేదీ వాళ్లే.

వనస్థలిపురం పార్కులో కనిపించేవి జింకలా, దుప్పులా?

రెండూ ఉన్నాయి, గుర్తుపట్టడం తేలిక. మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి. మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. విస్తీర్ణం సుమారు 14.6 చదరపు కిలోమీటర్లు. అక్కడ ముఖ్యంగా కాపాడుతున్నది కృష్ణజింకను. మగదానికి మెలి తిరిగిన కొమ్ములుంటాయి. లోపల ఎముక, పైన మన గోరు పదార్థంలాంటి తొడుగు. అవి జీవితాంతం పెరుగుతాయి, ఊడవు. చుక్కల దుప్పి కొమ్ములు శాఖలుగా చీలి ఉంటాయి. అవి పూర్తిగా ఎముకే, ఏడాదికోసారి రాలిపోయి మళ్లీ మెత్తటి చర్మంతో మొలుస్తాయి.

కృష్ణజింక పొదల్లో దాక్కునే జంతువు కాదు, బయలు నేలలో దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తేది. దాని వేగం గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పుడు మన గడ్డి మైదానాల్లో చీతాలు దాన్ని వేటాడేవి. కాబట్టి దానికి కావలసింది గడ్డి నేల. ఖాళీగా ఉందని ఆ గడ్డిలో వరసగా చెట్లు నాటితే కృష్ణజింక ఇల్లు చిన్నదవుతుంది. చూడటానికి వెళ్లేవాళ్లు గేటు తెరిచిన వెంటనే వెళ్లండి. మగవాటి నల్లరంగు చిక్కగా ఉండే కాలంలో అవి ఒక్కో తావు పట్టుకుని మిగతా మగవాటిని తరుముతూ ఉంటాయి. దారి మీదే నిలబడి, తెల్లటి, ముదురు రంగుల బట్టలు వేసుకోకుండా, మాట్లాడకుండా చూస్తే చాలాసేపు అలాగే కనిపిస్తాయి.